లెస్టర్ గారు ఎదురుగా నిలబడి విన్న రోజు

పోయిన శనివారం అమెరికాలో మా ఊరు హెర్న్‌డన్‌లో ఇండియన్ గ్రోసరీ షాపు ముందు కారులో సంచులు సర్దుతున్నాను. పక్కన వచ్చి ఆగిన కారులోంచి ఏదో పాట వస్తోంది. అద్దాలు మూసి ఉండడంతో మాటలు వినబడలేదు, రాగమూ తెలియలేదు. బాస్ గిటార్ మోత ఒక్కటే కారు రేకును అదిరించి, నేల మీదుగా నా పక్కటెముకల దాకా వచ్చింది. బియ్యం సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వేళ్ళు ఎవరివో నాకు తెలుసు. అద్దం మీద తట్టి, ఇది వాయించిన మనిషి ఇక్కడికి రెండు మైళ్ళ దూరంలోనే ఉండేవారని, ఏళ్ళ తరబడి ఈ ఊరి పిల్లల్ని స్కూల్ బస్సులో తీసుకెళ్ళారని ఆ కారాయనకు చెప్పాలనిపించింది. చెప్పేలోపే ఆయన పాట ఆపి షాపులోకి వెళ్ళిపోయాడు. చెప్పలేకపోయినది ఇక్కడ రాస్తున్నాను.

మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఆదివారం పొద్దున జమైకా వాళ్ళు ఆరాధన చేసుకునే భవనాన్నే మధ్యాహ్నం మేము అద్దెకు తీసుకుంటాము. వాళ్ళలో చివరివాళ్ళు బయటికి వెళ్తుండగా మా బిర్యానీ గిన్నెలు లోపలికి వస్తాయి. నేను అక్కడ కీబోర్డు వాయించేదాన్ని. వారమంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఆదివారం కీబోర్డు. చిన్నప్పుడు బాపట్లలో మా నాన్న దగ్గర హార్మోనియం నేర్చుకున్న చేతులు నావి. మా పాటలకు ఒక పద్ధతి ఉంది. మొదటి చరణం నడకతో మొదలవుతుంది, రెండోది పరుగు అందుకుంటుంది, నాలుగో చరణానికి చప్పట్లు కొట్టే పిల్లల అరచేతులు ఎర్రబడతాయి. అదే భక్తి అని మా నమ్మకం. ఒక ఆదివారం పొద్దుటి ఆరాధనలో వాయించిన పెద్దాయన ఒకరు వైర్లు చుట్టుకుంటూ ఆలస్యంగా మిగిలిపోయి, మా పాట మొత్తం విన్నారు. పొడుగ్గా, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు. పాట అయ్యాక నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగారు.

"మీ అందరికీ బస్సు గానీ వెళ్ళిపోతోందా?"

నాకు కోపం వచ్చింది. "సంతోషం ఎక్కువైతే వేగం పెరుగుతుంది సార్," అన్నాను.

"సంతోషం ఎక్కువైతే మా అమ్మ ఇంకా నెమ్మదించేది," అన్నారాయన. "నీ ఎడమ చేతికి ఏదో తెలుసు. కుడి చేయే మరీ ఎక్కువ మాట్లాడుతోంది. బాస్ ఎప్పుడైనా పట్టుకున్నావా?"

లేదన్నాను. ఎందుకు పట్టుకోలేదని అడిగారు. మా చర్చిల్లో ఆడపిల్లకు కీబోర్డు, మగపిల్లవాడికి గిటారు అని ఎవరూ రాసిపెట్టలేదు. అయినా అలాగే జరుగుతుంది.

ఆయన పేరు లెస్టర్. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పాటల ఇంట్లో పుట్టారు. తండ్రి పోలీసు బ్యాండులో ట్రోంబోన్ అనే పొడుగాటి ఇత్తడి బూర ఊదేవారు. తల్లి చర్చిలో పాడేది. పిల్లలు పుట్టిన వరసలో తండ్రి ఒక్కొక్కరికి ఒక్కో వాయిద్యం ఇచ్చారు. పెద్దవాడు రూపర్ట్‌కు డ్రమ్స్, అక్క వెర్నాకు గొంతు. ఐదోవాడైన లెస్టర్ గారి వంతు వచ్చేసరికి మిగిలింది బాస్ ఒక్కటే. "నువ్వు వాయిస్తున్నప్పుడు ఎవరూ నిన్ను గమనించకూడదు. నువ్వు ఆపితే మాత్రం అందరూ తల తిప్పి చూడాలి," అన్నారట తండ్రి. ఆ మాట మీదే ఆయన జీవితమంతా నడిచింది. తండ్రి పేరుతో ఆ ఇంటి బ్యాండు ఇంగ్లండు, జపాను తిరిగింది. అమెరికా వచ్చినప్పుడు లెస్టర్ గారు ఇక్కడ నర్సుగా పనిచేసే అమ్మాయిని పెళ్ళి చేసుకుని ఉండిపోయారు. వారంలో ఐదు రోజులు స్కూల్ బస్సు. సెలవుల్లో ఇంటి బ్యాండుతో ప్రయాణం, మధ్యలో పెద్ద గాయకులెవరైనా పిలిస్తే స్టూడియోలో రికార్డింగు. ఆయన వాయించిన రికార్డుల్లో సగం వాటి మీద ఆయన పేరు లేదు. ఓసారి నేను దాని గురించి బాధపడితే ఆయన నవ్వారు. "పేరు లేకపోతే ఏం, పాట కింద నేనున్నానా లేదా?"

పాఠాలు ఆయన అపార్ట్‌మెంటులో మొదలయ్యాయి కానీ ఎక్కువగా జరిగింది కింద పార్కింగ్ లాట్‌లో. జమైకా వాళ్ళ రెగే సంగీతంలో నాలుగు దెబ్బల లెక్కలో మొదటి దెబ్బను చాలాసార్లు ఖాళీగా వదిలేస్తారు. ప్రపంచమంతా కాలు మోపే చోట వీళ్ళు కాలు ఎత్తుతారు. నా చేతికి అది ఎంతకీ వచ్చేది కాదు. ఖాళీ కనబడితే నింపేసేదాన్ని. నింపిన ప్రతిసారీ వేగం కాస్త పెరిగేది. అప్పుడు ఆయన తన తండ్రి పద్ధతి బయటికి తీశారు. ఆ తండ్రి పిల్లల చేతుల్లోంచి వాయిద్యాలు తీసుకుని, పెరట్లో వరసగా నడిపిస్తూ ఎవరి వరస వాళ్ళతో నోటితో పాడించేవారట. నడక తొందరపడితే పాట తొందరపడినట్టే. అలా సాయంత్రాలు లెస్టర్ గారు ముందు, నేను వెనక, నోటితో బాస్ వరసలు పాడుకుంటూ కార్ల మధ్య తిరిగేవాళ్ళం. మా ఇల్లూ ఆ కాంప్లెక్సులోనే, వాకింగ్‌కు వచ్చే తెలుగువాళ్ళందరూ చూసేవారు. మా పక్కింటి వాళ్ళ అమ్మగారు, తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉంటున్న రత్నం గారు, మూడో రోజు మమ్మల్ని ఆపేశారు.

"ఏమ్మా కరుణా, ఆ పెద్దాయన నీకు గిటారు నేర్పుతున్నాడా, నడక నేర్పుతున్నాడా? నడకే అయితే మా కోడలికి కూడా చెప్పమను. నన్ను వాకింగ్‌కి తీసుకొచ్చి వదిలేసి పరిగెత్తుతుంది."

నేను అనువదించి చెప్పాను. లెస్టర్ గారు ఆవిడ కాళ్ళ వైపు చూశారు. మోకాళ్ళ నొప్పుల వల్ల రత్నం గారు ఒక్కో అడుగూ ఆలోచించి వేస్తారు. తొందరా ఉండదు, తడబాటూ ఉండదు. "ఈవిడ దగ్గర నేర్చుకో," అన్నారాయన. "మా నాన్న ఈవిడను చూసి ఉంటే బ్యాండులో చేర్చుకునేవాడు." ఆ రోజు నుంచి రత్నం గారు ముందు నడిచారు. ఆవిడ వెనక ఆయన, ఆయన వెనక నేను. నా చేతికి లయ వచ్చింది ఆ వరసలోనే అని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

రెండేళ్ళయ్యాక ఆయన ఎడమ చేయి వణకడం మొదలైంది. మొదట కాఫీ కప్పు, తర్వాత చొక్కా గుండీలు, చివరికి తీగలు. డాక్టరు చెప్పింది నాకు ఒక్క వాక్యంలో చెప్పి, ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. అదే సమయంలో మేరీలాండ్‌లో ఉండే అక్క వెర్నా ఫోన్ చేశారు. తండ్రి జ్ఞాపకార్థం ఒక పార్కులో ఇంటి బ్యాండు మళ్ళీ కలిసి వాయించాలి, అందరూ డెబ్బై దాటినవాళ్ళు, ఇంకోసారి కుదరకపోవచ్చు. బాస్‌కు న్యూయార్క్ నుంచి ఒకరిని మాట్లాడతానని ఆవిడ అన్నారు. "వద్దు. నా మనిషి ఉంది," అన్నారు లెస్టర్ గారు. ఆ మనిషి నేనని ఫోన్ పెట్టాకే నాకు తెలిసింది.

నేను వల్ల కాదన్నాను. మీ ఇంటి వాళ్ళు తప్ప ఎవరూ పట్టుకోని బాస్ అది, నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని అన్నాను. నన్ను కూతురిలా డాటర్ అని పిలిచే ఆయన అప్పుడు అన్నారు.

"డాటర్, ఆ పాటలు మొదలైనప్పటి నుంచీ నేను వాటి లోపలే ఉన్నాను. ఒక్కసారి కూడా ఎదురుగా నిలబడి వినలేదు. ఆ న్యూయార్క్ అతను బాగానే వాయిస్తాడు, తన పద్ధతిలో. నాకు మా ఇంటి పాట మా ఇంటి పాటలాగే వినాలని ఉంది. అది నేను నీకొక్కదానికే నేర్పాను. నాకు ఇంకా బాగా వినబడుతున్నప్పుడే వింటాను."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదొక్కసారే. ఒప్పుకున్నాను.

రిహార్సల్ వెర్నా గారి ఇంట్లో. ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోమని కూడా అనలేదు. మొదటి పాట మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశారు. నాలుగోసారి మైకు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చారు. "ఆ ఖాళీ నీది కాదమ్మాయ్, నాది. నేను ఊపిరి తీసుకునేది అక్కడే. నువ్వు దాన్ని నింపేస్తే నేనెక్కడ బతకాలి?" రూపర్ట్ గారు డ్రమ్స్ వెనక నుంచి, "ఆమెను భయపెట్టకు వెర్నా, లెస్టర్‌ని కూడా చిన్నప్పుడు ఇలాగే ఏడిపించావు," అన్నారు. లెస్టర్ గారు గోడకు ఆనుకుని నవ్వుకుంటున్నారు. నాకు మాత్రం వెర్నా గారి మాటతో విషయం తెలిసిపోయింది. రెండేళ్ళుగా నేను దాన్ని లెక్క అనుకున్నాను. అక్కడ ఒక మనిషి ఊపిరి ఉంది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం పార్కులో ఎండ బాగా కాసింది. గడ్డి మీద జమైకా వాళ్ళు, పాత అభిమానులు, ముందు వరసలో పులిహోర డబ్బాలతో మా చర్చి వాళ్ళు, వాళ్ళ పక్కన రత్నం గారు. మొదటి పాట బాగానే గడిచింది. రెండో పాటకు మావాళ్ళకు ఉత్సాహం వచ్చింది. నా కోసం, నన్ను చూసి గర్వపడి, చప్పట్లు మొదలుపెట్టారు. ఎక్కడ? సరిగ్గా మొదటి దెబ్బ మీద. చరణం మారేసరికి వేగం కూడా పెంచారు. ముప్ఫై చేతులు నన్ను ముందుకు లాగుతున్నాయి. వెర్నా గారు పాడుతూనే తల తిప్పి నావైపు చూశారు. నా చేయి ఒకచోట జారింది కూడా. లెస్టర్ గారు వేదికకు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఆయన వెనక్కి తిరిగి, మావాళ్ళ ముందు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. ఏమీ అనలేదు, చేయి ఎత్తలేదు. మావాళ్ళు అర్థంకాక చూస్తూ చప్పట్లు కొడుతూనే ఉన్నారు. రత్నం గారికి అర్థమైంది. కుర్చీ పట్టుకుని లేచి, ఆయన వెనకే నడిచారు. "ఊరుకోండర్రా, నిదానం," అని వెనక్కి చూసి కసిరారు కూడా. ఆవిడ మోకాళ్ళ వేగానికి చప్పట్లు ఒక్కొక్కటే దిగివచ్చాయి. పాట కుదుటపడింది. అప్పుడు లెస్టర్ గారు నడవడం ఆపేశారు. వేదిక వైపు తిరిగి, వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుని, చివరి పాట దాకా కదలకుండా నిలబడ్డారు. ఇక లయ సంగతి ఆయన చూసుకోనక్కర్లేకపోయింది. నా జీవితంలో అంత గర్వపడిన క్షణం మరొకటి లేదు.

అయ్యాక ఆయన దగ్గరికి వెళ్ళాను. మెచ్చుకోలు కోసమే వెళ్ళాను, అబద్ధం ఎందుకు.

"రెండో పాటలో ఒకచోట తొందరపడ్డావు," అన్నారు.

"తెలుసండీ."

"మిగతాదంతా మా ఇంటిదే." వేదిక మీద వైర్లు తీస్తున్న వెర్నా గారి వైపు చూస్తూ అన్నారు: "యాభై ఏళ్ళు ఆమె వీపు చూశాను. పాడేటప్పుడు ఆమె ముఖం అలా ఉంటుందని నాకు తెలియదు. అచ్చం మా అమ్మ."

ఆ తర్వాత ఆయన మూడు శీతాకాలాలు బతికారు. చివరి నెలల్లో వెర్నా గారు వారం వారం మేరీలాండ్ నుంచి వచ్చి, మంచానికి ఎదురుగా కుర్చీ వేసుకుని పాడేవారు. పక్కన కూర్చుని పాడొచ్చు కదా అని నర్సు అడిగితే, "వాడికి ఎదురుగా కావాలి," అనేవారు. సమాధి దగ్గర ఇంటి బ్యాండు వాయించింది. బాస్ నేను పట్టుకున్నాను. వెర్నా గారు నన్ను ఎవరికీ పరిచయం చేయలేదు, ఇంట్లో వాళ్ళను పరిచయం చేయరు కదా.

ఇప్పుడు మా చర్చిలో నేను బాస్ వాయిస్తాను. నెలకు ఒక్క ఆదివారం మాత్రం దాన్ని స్టాండు మీద పెట్టి, కిందికి దిగి, మూడో వరసలో నిలబడతాను. ఇన్నేళ్ళూ నాకు కనబడినవి మా గాయక బృందం వెన్నులు, జడలు, చొక్కా కాలర్లే. ఇప్పుడు ముఖాలు కనబడుతున్నాయి. రోజంతా మీటింగుల్లో విసుక్కునే నా భర్త పాడేటప్పుడు చిన్నపిల్లాడిలా కళ్ళు పెద్దవి చేసుకుంటాడని, పదమూడేళ్ళ కాపురం తర్వాత, అక్కడ నిలబడితేనే నాకు తెలిసింది.