విప్పని టాకాలు

పోయిన వారం మా బాపట్లలో, మా వీధి చివర మందుల షాపు నడిపే అతను తాను రాసిన డిటెక్టివ్ నవల తెచ్చి నా చేతిలో పెట్టాడు. “ముందుమాట మీరే రాయాలండి సార్” అన్నాడు. తెలుగు లెక్చరరుగా రిటైరై పదేళ్ళు దాటినా, ఊళ్ళో ఎవరు ఏం అచ్చు వేసుకున్నా ముందుమాటకి నా గుమ్మమే ఎక్కుతారు. ఇప్పటిదాకా రాసిన ముందుమాటలన్నీ కుట్టిస్తే నేను రాయకుండా ఉండిపోయిన పుస్తకమంత అవుతుంది. ఈసారి మాత్రం ఒక షరతు పెట్టాను, అతనికి కాదు, నాకే. చివరి పేజీ దాకా చదివితే తప్ప కలం ముట్టకూడదని. రెండు రోజులు పట్టింది. హంతకుడు కాంపౌండరేనని నూరో పేజీలో తేల్చేసుకుని, చివరికి కాదని తెలిసి, పడక్కుర్చీలో ఒక్కణ్ణే కూర్చుని హాయిగా నవ్వుకున్నాను. ఆ నవ్వు పూర్తికాకుండానే రేపల్లెలో ఉన్న మా వదిన గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ నాటి సంగతి నిన్ననే జరిగినట్టు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మా వదిన, అంటే మా పెద్దన్నయ్య భార్య, ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. ఇప్పటికీ కుడుతుంది. చదివింది పదో తరగతి. కానీ రేపల్లె బజారులో అద్దె పుస్తకాల షాపు ఉన్నన్నాళ్ళూ అందులో ఉన్న డిటెక్టివ్ నవలల్లో ఆమె చదవనిది లేదు. ఆ షాపు పుస్తకాలకి ఒక జబ్బు ఉండేది. ముందు చదివిన మహానుభావుడెవడో మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసి పెట్టేవాడు. అందుకని పుస్తకం ఇంటికి రాగానే వదిన దాన్ని తెరవకుండా మా అన్నయ్యకి ఇచ్చేది. ఆయన ఆ పేరు రబ్బరుతో చెరిపి ఇవ్వాలి. ఆయన శ్రద్ధగా చెరిపేవాడు, తీరా అన్నం దగ్గర కూర్చున్నాక నోరు జారి ఆ పేరే చెప్పేసేవాడు. ఆ మర్నాడు కూరలో ఉప్పు ఉండేది కాదు. “మా ఇంట్లో ఎవరిని చంపాలన్నా మీ వదిన సలహా తీసుకోవాలిరా” అని అన్నయ్య నాతో అంటుండేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు నాకు ఫోను చేసి, “మరిదిగారూ, పౌర్ణమి నాడు సూర్యలంకలో నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయండి? మళ్ళీ ఎప్పటికి వెనక్కి పోతాయి?” అని అడిగింది. సముద్ర స్నానానికి వద్దామనుకుంటోంది కాబోలనుకుని, మనవలున్నారు, జాగ్రత్త అని చెప్పాను. ఆవిడ మరో రెండుసార్లు ఫోను చేసి అదే అడిగింది. ఇంత భక్తేమిటా అనుకున్నాను.

సంగతి ఆ వేసవిలో నేను రేపల్లె వెళ్ళినప్పుడు తెలిసింది. పెసరట్టు తింటుంటే వదిన ఒక పొడుగాటి నోటుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. తెనాలిలో ఒక ప్రచురణకర్త కొత్తవాళ్ళ డిటెక్టివ్ నవలలు కావాలని పేపర్లో ప్రకటన వేశాడట. నెలాఖరులోగా పంపాలట. సూర్యలంక ఒడ్డున ఒక లాడ్జిలో హత్య, నలుగురి మీద అనుమానం, అదీ కథ. “బాగుందా లేదా అని కాదండి. ఎవరు చంపారో ముందే తెలిసిపోతుందేమో, అది ఒక్కటీ చూసి చెప్పండి. చివరి అధ్యాయానికి టాకాలు వేశాను. అక్కడిదాకా చదివి, ఎవరనుకుంటున్నారో అంచున రాసి, అప్పుడు విప్పండి” అంది. టాకాలంటే మిషను ఎక్కించే ముందు బట్టకి చేత్తో దూరం దూరంగా వేసే కుట్లు. చివరి పదిహేను పేజీలనీ అంచుల వెంట ఎర్రదారంతో అలా కుట్టేసింది. నేను రెండో పెసరట్టు మీద దృష్టి పెట్టి, అలాగే అలాగే అని తలూపాను.

అప్పట్లో నేనెవరినో ఇక్కడ చెప్పాలి. తెనాలిలో సాహిత్య సభ అంటే వేదిక మీద నాకో కుర్చీ ఉండేది. డిటెక్టివ్ నవల మాట వస్తే చాలు, బస్టాండు సాహిత్యం అని ఒక ముక్క విసిరి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. అవి నేను చదివానా అంటే, పదో తరగతి తర్వాత ముట్టలేదు. వదిన పుస్తకాన్ని రేపల్లె రైల్లో తీశాను. తెనాలి వచ్చేసరికి నలభై పేజీలయ్యాయి. అక్కడ బాపట్ల రైలుకి మారుతుంటే తెలిసినాయన కనపడ్డాడు, కబుర్లలో పుస్తకం సంచిలోకి పోయింది, సంచిలోంచి ఇంట్లో బీరువా మీదికి పోయింది. చదివిన ఆ నలభై పేజీల్లోనైనా నేను ఆవిడ రాసింది చూడలేదు, ఆవిడ రాయనిది వెతికాను. ఇందులో పేదవాడి ఆకలేది, సమాజమేది, మనసు లోతులేవి అనుకుంటూ పేజీలు తిప్పాను. జాకెట్టు కుట్టి ఇస్తే దీనికి కుచ్చిళ్ళేవని అడిగినట్టు.

నెలాఖరు ఇంకా నాలుగు రోజులుందనగా రేపల్లె వెళ్ళాను. వదిన చేతిలో కత్తెర పక్కన పెట్టి, పైట చెంగుతో చేతులు తుడుచుకుని, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. నేను గొంతు సవరించుకున్నాను. క్లాసులో చెప్పినట్టే చెప్పాను. పాత్రల్లో లోతు లేదన్నాను. జీవితం లేదన్నాను. ప్రతి అధ్యాయంలోనూ సముద్రం ఎంత ముందుకొచ్చింది, ఎంత వెనక్కిపోయింది అన్న వర్ణన అనవసరం, కత్తిరించెయ్యమన్నాను. ఆ నీళ్ళ లెక్క మీదే హత్య అంతా ఆధారపడి ఉందేమోనన్న అనుమానమైనా నాకు రాలేదు. ఆవిడ అన్నిటికీ తలూపుతోంది. అక్కడితో ఆపినా బాగుండేది. “అన్నిటికన్నా ముగింపు బలహీనంగా ఉందండి వదినగారూ. నేను ముందే ఊహించేశాను” అని పుస్తకం చేతికిచ్చాను.

వదిన పుస్తకం తీసుకుని, అలవాటు కొద్దీ, బట్ట అంచు చూసినట్టు చివరి పేజీల అంచు మీద బొటనవేలు నడిపింది. వేలు కుట్టు కుట్టుకీ ఆగింది. ఎర్రదారం ఒక్క పోగైనా తెగలేదు. అప్పుడు చూశాను నేను. ఆవిడ తలెత్తి నా మొహం వైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకుంది. “అలాగేనండి” అని లేచి వెళ్ళి కాఫీ తెచ్చింది. పంచదార సరిగ్గా వేసింది, ఉప్పు లేని కూర పెట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఆ కాఫీ తాగుతున్నంతసేపూ, వదినా, నేను చదవలేదు, ఇంకా నాలుగు రోజులుంది, ఇటివ్వండి అనే మాట గొంతు దాకా వచ్చింది. రాలేదు పైకి. లెక్చరరుని కదా. నాలుగు రోజులూ గడిచిపోయాయి. నవల తెనాలి వెళ్ళలేదు. అన్నయ్య ఒకసారి, “మీ వదిన రాయడం మానేసిందిరా, ఏం చెప్పావేంటి?” అన్నాడు. నేను వర్షాల సంగతి ఎత్తాను. ఆ తర్వాత పన్నెండేళ్ళలో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఎన్నిసార్లు కలిశామో, ఒక్కసారీ ఆ ఊసు ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఇదంతా గుర్తొచ్చాక ఇంట్లో కూర్చోలేక, మర్నాడే తెనాలిలో రైలు మారి రేపల్లె వెళ్ళాను. వదినకి డెబ్భై దాటాయి. సూదిలో దారం ఎక్కించడానికి కళ్ళజోడు పైన ఇంకో కళ్ళజోడు పెట్టుకుంటోంది. అన్నయ్య బజారుకి వెళ్ళాడు. కుశల ప్రశ్నలయ్యాక, ఇక లాభం లేదని ఒక్క ఊపున చెప్పేశాను.

“వదినగారూ, ఆ రోజు మీ నవల నేను చదవలేదండి.”

“తెలుసు కదండీ” అంది, సూది మీంచి చూపు తిప్పకుండా.

“తప్పయిపోయిందండి.”

ఆవిడ సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టింది. “చదవలేదని ఆ రోజే అంటే నాకేం బాధండీ? పనులుంటాయి, చదవలేకపోయారు అనుకునేదాన్ని. బాగోలేదన్నారు. చదివినవాళ్ళ మాట అనుకుందామంటే టాకాలు అలాగే ఉన్నాయి. చదవనివాళ్ళ మాటలే అని కొట్టిపారేద్దామంటే మీరు లెక్చరరు. చదవకుండానే బాగోలేదని తెలిసిపోయే పుస్తకం ఇంకెవరు చదువుతార్లే అని ఊరుకున్నాను.”

ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆ పుస్తకం ఇప్పుడిస్తే చదువుతానన్నాను. అంచున రాసి మరీ విప్పుతానన్నాను. వదిన నవ్వింది.

“ఇంకెక్కడి పుస్తకమండీ. కాగితం మందంగా ఉంది కదాని జాకెట్ల కొలతలకి కత్తిరించేసుకున్నాను. చేతులకి కొన్ని, మెడలకి కొన్ని. ఏళ్ళ తరబడి పనికొచ్చాయి.”

“పోనీ ఎవరు చంపారో చెప్పండి వదినగారూ” అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినపడింది.

“ఎవరనుకుంటున్నారు?” అంది వెంటనే. ఆ అడగడంలో, రెండు కళ్ళజోళ్ళ వెనకాల, ఒక్క క్షణం పాత ఉత్సాహం కనపడింది. నేను గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. లాడ్జి గుర్తుంది, వరండాలో తడి చెప్పులు గుర్తున్నాయి. అనుమానం ఉన్న నలుగురిలో ఒక్కరి పేరూ గుర్తులేదు. అదే చెప్పాను. ఆవిడ మళ్ళీ సూది అందుకుంది.

“చదవనివాళ్ళకి ముగింపు చెప్పకూడదండి మరిదిగారూ” అంది.

ఆ పుస్తకం నన్ను అడిగింది రెండు రోజులు. అప్పుడు అవీ ఇవ్వలేదు నేను. ఇప్పుడు నా దగ్గర కావలసినన్ని రోజులున్నాయి, చదవడానికి ఆ పుస్తకం లేదు.