తవుడులో మూడు చింతగింజలు

నా చిన్నప్పుడు మా ఇంటి చేప నూనె సీసాకు ఇంట్లో చోటు లేదు. పశువుల కొట్టంలో, ఎద్దుల మెడగంటలు తగిలించే మేకుకు గోనెగుడ్డలో చుట్టి వేలాడదీసి ఉండేది. మొన్నటి దాకా అదే చేప నూనె నా మంచం పక్కన గూట్లో, తేనె రంగు గోలీలై, రెండు డబ్బాల నిండా కూర్చుని ఉండేది. డెబ్భై దాటిన ఒళ్ళు. పొద్దున లేస్తే ముందు గోలీలు, తర్వాతే దేవుడు అన్నట్టయింది నా బతుకు. బీపీకి ఒకటి, గుండెకు ఒకటి, రక్తం గడ్డకట్టకుండా పలచగా ఉంచేది ఒకటి. మింగి మింగి అలిసిపోయాను. కానీ ఆ చేప నూనె డబ్బాల మూత తీసినప్పుడల్లా మా కొట్టం వాసన ముక్కుకు తగిలేది. పేడ, పచ్చిగడ్డి, వాటి మధ్యన ఆ చేప వాసన.

మా ఊరు ఇల్లందుకు అవతల, అడవి అంచున. బస్సు దిగి వాగు దాటి గంటసేపు నడవాలి. నేను బడికి పోలేదు. మా తాతయ్యే చాటలో వడ్లు పరిచి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించాడు. మా నాయన బొగ్గు బాయిలో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే ఇంటికి వచ్చేవాడు. మా నాయనమ్మకు రామయ్య తప్ప మరో ధ్యాస లేదు. ఒకసారి తాతయ్యకు జ్వరం తలకెక్కి, మనిషి దక్కడనుకున్నప్పుడు, ఈయన లేచి కూర్చుంటే నా గడప లోపలికి నీసు రానివ్వనని భద్రాద్రి రామయ్యకు మొక్కుకుందట. తాతయ్య లేచి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కోడి లేదు, చేప లేదు, గుడ్డు కూడా లేదు. వాగులో చేపలు పట్టుకొచ్చే వాళ్ళు మా వాకిట్లో బుట్ట దించడానికి కూడా జంకేవాళ్ళు.

నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో ఉన్నప్పుడు రేచీకటి పట్టింది. పొద్దుగూకితే నాకు గోడా మనిషీ ఒకటే. గుంజకు కొట్టుకునేదాన్ని, నీళ్ళ బిందె తన్నేదాన్ని. పిల్లకు చూసి నడవడం రాదని ఇంట్లో విసుక్కునేవాళ్ళు. అసలు సంగతి కనిపెట్టింది నర్సమ్మ. ఇల్లందు దవాఖానా నుంచి నెలకోసారి మా పల్లెలకు వచ్చే ముస్లిం ఆవిడ. అందరూ నర్సమ్మ అనే పిలిచేవాళ్ళు, ఆమె పేరు నాకు ఈనాటికీ తెలియదు. ఒక సందెవేళ ఆమె నాకు బిస్కెట్టు ఇవ్వబోతే నేను చేయి చాపి గాలిని పట్టుకున్నాను. ఆమె బిస్కెట్టును అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత మా అమ్మను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడింది.

ఆ మరుసటి నెల సీసా తెచ్చింది. సొరచేప కాలేయం నుంచి తీసిన నూనె అట. రోజుకు ఒక్క చిన్న చెంచా, అన్నం తిన్నాక. మునగాకు, బొప్పాయి పండు కూడా పెట్టమంది. వానలు మొదలైతే వాగు దాటి రాలేనని ఆరు నెలలకు సరిపోయే పెద్ద సీసానే ఇచ్చింది. చేప అన్న మాట వినగానే మా నాయనమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. మందైనా సరే, నీసు నీసేనంది. అమ్మ ఏడుపు ముఖం పెట్టింది. కొట్టం గడప ఇంటి గడప కాదు కదా, రామయ్య అటువైపు చూడడులే అని తాతయ్య తీర్పు చెప్పాడు. అట్లా ఆ సీసా ఎద్దుల పక్కకు చేరింది.

అమ్మ పొద్దున పాలు పిండడానికి పోతూ నన్ను వెంట తీసుకుపోయి ఒక చెంచా పోసేది. పైన చిన్న బెల్లం ముక్క. నాయనమ్మకు ఎదురుగా ఈ మాట ఎత్తకు, బాధపడుతుంది అని చెప్పేది. మధ్యాహ్నం మా మేనత్త. అప్పటికింకా ఆమెకు పెళ్ళి కాలేదు. వదినకు పని ఎక్కువ, మరిచిపోయి ఉంటుందని ఆమె అనుకునేది. గడ్డి వెయ్యడానికి పోతూ నన్ను పిలిచి తానూ ఒక చెంచా పోసేది. మీ అమ్మకు చెప్పకు, తప్పు పట్టానంటుంది అని నా చేతిలో బెల్లం పెట్టేది.

సాయంత్రం దోమలకు వేపాకు పొగ వెయ్యడానికి మా నాయనమ్మ కొట్టంలోకి వచ్చేది. మొదటి వారం ఆమె ఆ మేకు వైపు కూడా చూడలేదు. ఒకనాడు నేను చీకట్లో రోలుకు తగిలి నుదురు పగలగొట్టుకున్నాను. మర్నాడు సాయంత్రం ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, రామ రామ అనుకుంటూ నా నోట్లో చెంచా పెట్టింది. తర్వాత నీళ్ళ గోలెం దగ్గర మూడుసార్లు చేతులు కడుక్కుంది. ఎవరికీ చెప్పకు తల్లీ అంది. బెల్లం ముక్క ఆమెదే అన్నిటికంటే పెద్దది.

నేను ఎవరికీ చెప్పలేదు. ముగ్గురు పెద్దవాళ్ళు నన్ను నమ్మి మూడు రహస్యాలు నా చేతిలో పెట్టారని నాకు గర్వంగా ఉండేది. నెల తిరగకముందే సందెవేళ దూడ చెవులు కనిపించాయి. ఆ మాట చెబితే నాయనమ్మ పూజ గదిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

తర్వాత వానలు ముదిరాయి. వాగు పొంగింది. నాకు తలనొప్పి మొదలైంది. తిన్నది నిలవకుండా వాంతి అయ్యేది. పెదవులు పగిలాయి. అరచేతుల మీద తోలు ఉల్లిపొరలా లేచింది. కాళ్ళ ఎముకలు నొస్తున్నాయని రాత్రంతా మూలిగేదాన్ని. అమ్మ దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడొచ్చేది. నాయనమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. కళ్ళు బాగుచేసిన మందు ఒళ్ళు కూడా బాగుచేస్తుందని ముగ్గురూ ఎవరికి వాళ్ళు ఆ చెంచాను ఇంకాస్త నిండుగా పోశారు. నేను ఎండిపోతున్న కొద్దీ వాళ్ళకు భయం ఎక్కువైంది. ఆ భయం కూడా చెంచాలోకే పోయింది.

వాగు తగ్గాక, సీసా ఇచ్చిన రెండు నెలలకు నర్సమ్మ వచ్చింది. నా అరచేతులు చూసింది, జుట్టు చూసింది, సీసా తెమ్మంది. వెలుగుకు పెట్టి చూస్తే నూనె అడుగున వేలెడు కూడా లేదు. ఆరు నెలల మందు రెండు నెలల్లో ఎట్లా అయిపోయిందని అమ్మను అడిగింది. అమ్మ తెల్లబోయింది. రామయ్య మీద ఒట్టు, రోజుకు ఒక్క చెంచా దాటలేదంది. ఒలికిపోయిందా అంటే లేదంది. పక్కపిల్లలు తాగారా అంటే తెలియదంది. ఆదివారం నాయన వచ్చి, పిల్లను చేజేతులా పాడు చేశావంటాడేమోనని అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. మేనత్త గుంజ వెనక్కి జరిగింది. నాయనమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది. నాకు మాత్రం అంతా తెలుసు. చెబితే ఇద్దరు చెడ్డవాళ్ళవుతారు, చెప్పకపోతే అమ్మ చెడ్డదవుతుంది. ఒకరి తర్వాత ఒకరి ముఖం చూశాను. నర్సమ్మ నా కళ్ళ వెంటే తన కళ్ళు తిప్పిందని తర్వాత అర్థమైంది.

ఆమె ఎవరినీ గట్టిగా అడగలేదు. నా వామనగుంటల చింతగింజలు తెమ్మంది. ఒక కుండలో సగం దాకా తవుడు పోయించి, పైన గుడ్డ కప్పింది. ఇంట్లో ఉన్న అయిదుగురికీ తలా ఒక గింజ ఇచ్చింది, తాతయ్యకు కూడా, నాకు కూడా. నిన్న పిల్లకు నూనె పోసిన వాళ్ళు గుడ్డ కింద చేయి పెట్టి గింజను తవుడులో వదలాలి. పొయ్యని వాళ్ళు ఉత్త చేయి పెట్టి, గింజను పిడికిట్లోనే దాచుకుని తీసుకుపోవాలి. తవుడులో పడితే చప్పుడు రాదు.

"ఎవరో నాకొద్దు. ఎంతమందో చెప్పున్రి చాలు," అంది.

ఒక్కొక్కరే వచ్చారు. పిడికిలి మూసి పెట్టి, పిడికిలి మూసే తీశారు. అందరికంటే చివర నాయనమ్మ. ఆమె చేయి గుడ్డ కింద చాలాసేపు ఉంది. తర్వాత నర్సమ్మ కుండను చాటలో బోర్లించి, తవుడును మెల్లగా చెరిగింది. అమ్మ ఒక్క గింజ కోసం చూస్తోంది. ఒకటి కనిపించింది. పక్కన రెండోది. తవుడు ఎగిరిపోతుంటే ఒక అంచున మూడోది.

కొట్టం గుంజకు ఆనుకుని అమ్మ ఆ మూడింటినీ మళ్ళీ లెక్కపెట్టింది.

"గీ పిల్లకు కొత్త రోగమేం రాలే. ముగ్గురు తల్లులున్నరు, గంతే," అంది నర్సమ్మ.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. కొన్ని మందులు ఎక్కువైతే ఒంట్లోంచి నీళ్ళలా బయటికి పోతాయట. ఈ నూనెలోని సత్తువ అట్లా పోదు. కాలేయంలో చేరి పేరుకుంటుంది. ఒక చెంచా కంటికి వెలుగిస్తుంది. మూడు చెంచాలు రోజూ పడితే తల పగిలేలా నొస్తుంది, తోలు లేస్తుంది, జుట్టు రాలుతుంది. ఇప్పుడు పూర్తిగా ఆపితే మెల్లగా దిగుతుంది, భయం లేదంది. ఆ తర్వాత ఎవరి వైపూ చూడకుండా, తాతయ్యతో అన్నట్టుగా అంది.

"మా ఇంట్ల గూడ ఉపవాసాలుంటయి బాపూ. రోగమొచ్చినోళ్ళకు మా దేవుడు మాఫీ చేసిండు. మీ రామయ్య అంతకంటె కఠినాత్ముడా ఏంది?"

తాతయ్య నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు, కానీ జపమాల మళ్ళీ కదిలింది.

నర్సమ్మ సీసా తీసుకుని పోతూ నన్ను వాగు దారి దాకా నడిపించింది. నీకు ముగ్గురి సంగతీ ఎరుకే కదా, నోరెందుకు మూసుకున్నవని అడిగింది. వాళ్ళు చెప్పొద్దన్నారు అన్నాను. ఆమె వంగి, తన దగ్గర మిగిలిన ఒక చింతగింజ నా చేతిలో పెట్టింది.

"కడుపులకు ఏం పోయిందో అది దాచొద్దు బిడ్డా. ముద్దుగ పెట్టినోళ్ళ మీద చాడీ కాదది."

ఆ రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ కంచం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. ఒక గింజ నాదే కోడలా అంది. అమ్మ ఆమె కంచంలో పప్పు వేసింది. ఒకటి నాది గూడ వదినా అని మేనత్త నేల చూపులు చూసింది. తాతయ్య చేయి కడుక్కుంటూ, అయితే ఈ ఇంట్ల పిల్లను పట్టించుకోనోణ్ణి నేనొక్కణ్ణేనన్నమాట అన్నాడు. ముగ్గురు ఆడవాళ్ళూ ఒకేసారి నవ్వారు. నాకు గుర్తున్నంత వరకు మా కొట్టం ముచ్చట మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది అప్పుడే. నా జుట్టు ఉగాదికి మళ్ళీ వచ్చింది. సందెవేళ దూడ చెవులు కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంత నేర్చుకున్నదాన్ని, మొన్న నేనే తప్పు చేశాను. ఇప్పుడు నేను చండ్రుగొండలో కొడుకు దగ్గర ఉంటున్నాను. గుండెకు మంచిదని మా వాడు ఒక డబ్బా తెచ్చాడు. మోకాళ్ళకు మంచిదని ఖమ్మంలో ఉండే మా అమ్మాయి ఇంకొకటి పంపింది. ఒకరిది ఒకరికి తెలియదు. ఎవరినీ చిన్నబుచ్చడం ఇష్టం లేక రెండూ మింగుతూ వచ్చాను. నాయనమ్మ మొక్కును నేనూ పాటిస్తాను కనుక, పూజ గదికి దూరంగా, ముఖం పక్కకు తిప్పుకునే మింగేదాన్ని. జపం మధ్యలో చేప వాసన తేన్పు వస్తే రామయ్యకు లెంపలు వేసుకునేదాన్ని. కడుపు జారుడుగా ఉండేది. దేనికీ తగలకుండానే చేతుల మీద నీలం మచ్చలు వచ్చాయి. పళ్ళు తోముకుంటే చిగుళ్ళలో నెత్తురు. ముసలితనమే అనుకున్నాను. అలిసిపోయిన మనిషికి ప్రతిదీ ముసలితనంలాగే కనిపిస్తుంది.

పన్ను పీకించుకోవడానికి దవాఖానాకు పోతే, ఏమేం మందులు వాడుతున్నారమ్మా అని పళ్ళ డాక్టరమ్మ అడిగింది. బీపీ గోలీ చెప్పాను, గుండె గోలీ చెప్పాను, రక్తం పలచబరిచేది చెప్పాను. అక్కడితో ఆగాను. అవి మందులు కావు కదా, అంగడిలో చీటీ లేకుండా దొరికేవే కదా అనుకున్నాను. సిగ్గు కూడా పడ్డాను. కుర్చీ వెనక్కి వాలుతుండగా నా చేయి ఒళ్ళో ఉన్న గోలీల సంచిలో బెల్లం ముక్క కోసం వెతికినట్టు కదిలింది. అరవై ఏళ్ళ కిందటి చెయ్యి అది. లేచి కూర్చుని రెండు డబ్బాలూ తీసి ఆమె బల్ల మీద పెట్టాను.

ఆమె పట్టుకారు పక్కన పెట్టేసింది. ఈ రోజు పన్ను తియ్యను, ముందు గుండె డాక్టరుకు ఇవి చూపించండి అంది. ఆయన కోప్పడలేదు. కొందరికి ఆ నూనె మేమే రాసిస్తామమ్మా, అది విషమేం కాదు అన్నాడు. కానీ నెత్తురు పలచబరిచే గోలీతో కలిసి ఎక్కువ మోతాదులో పోతే నెత్తురు ఆగడం కష్టం కావచ్చట. కొందరికి కడుపు పాడవుతుందట, బాగా ఎక్కువైతే గుండె లయ తప్పే అవకాశం కూడా ఉందట. డబ్బాలు తిప్పి చూసి, వీటిలో ఒకటి చేప కాలేయం నూనె, దానిలో ఒంట్లో పేరుకునే విటమిన్ ఉంటుంది, ఎక్కువైతే అదీ ముప్పే అన్నాడు. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. రెండూ ఆపమన్నాడు. గుండె గోలీ మాత్రం మీ అంతట మీరు ఎన్నడూ ఆపొద్దని గట్టిగా చెప్పాడు.

ఇంటికొచ్చి కొడుకుకు చెప్పాను. అమ్మాయికి ఫోన్ చేశాను. మెల్లగా, అన్న కూడా తెచ్చిండా అమ్మా అంది. అవ్ బిడ్డా, ఇద్దరూ తెచ్చిన్రు అన్నాను. నీలం మచ్చలు ఇప్పుడు పసుపు రంగుకు తిరిగి మాసిపోతున్నాయి. పన్ను వచ్చే వారం తీస్తామన్నారు.

నర్సమ్మ ఇచ్చిన గింజ ఎప్పుడో పోయింది. నిన్న చింతపండు నానబెడుతుంటే ఒకటి చేతికి తగిలింది. కడిగి ఆరబెట్టి నా గోలీల డబ్బాలో వేసుకున్నాను. రోజూ పొద్దున గోలీ తీసుకోవాలంటే ముందు దాన్ని పక్కకు జరపాలి. జరుపుతూ, ఎవరికైనా చెప్పకుండా ఏమైనా మింగుతున్నానా అని నన్ను నేను ఒక్కసారి అడుగుతాను. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు అమ్మను, మేనత్తను, నాయనమ్మను తలుచుకుంటాను. పేరు తెలియని ఆవిడను నర్సమ్మా అనే తలుచుకుంటాను. నా కళ్ళకు దీపం ఇంకా కనబడుతూనే ఉంది.