తెరిచి ఉంచిన చెవి

సింహాచలానికి యాభై మూడేళ్లు. పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీలో ఇరవై రెండేళ్లుగా పంపుల ఫిట్టరు. ఇల్లు అనకాపల్లి గవరపాలెంలో. పొద్దున్న ఆరున్నరకి కంపెనీ బస్సు ఎక్కుతాడు, సాయంత్రం అదే బస్సు దిగుతాడు. ఎక్కువ మాట్లాడడు. అతనిది వినే పని.

అడుగున్నర పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి ఉంది అతని దగ్గర. తిరుగుతున్న పంపు బేరింగు మీద దాని మొన ఆనిస్తాడు. పిడిని కుడి చెవికి నొక్కుతాడు. కళ్లు మూసుకుంటాడు. పది లెక్కపెట్టేంతసేపు అలా ఉండి, తర్వాత రెండు మాటల్లో ఒకటి చెబుతాడు. "బాగుంది." లేకపోతే "మార్చాల." అతను మార్చాలన్న బేరింగులో, విప్పి చూస్తే, ఎప్పుడూ ఏదో ఒక గాయం ఉండేది. అదురు కొలిచే మీటరు కంపెనీలోకి వచ్చి ఆరేళ్లయింది. ఇంజనీర్లు మీటరు పెట్టి అంకె రాసుకుంటారు. రాసుకున్నాక, "సింహాచలం గారూ, మీరూ ఒకసారి" అంటారు.

ప్లాంటులో హోరుకి చెవుల్లో పెట్టుకోమని అందరికీ స్పాంజి బిరడాలు ఇస్తారు. పసుపుపచ్చవి, రెంటినీ కలుపుతూ ఒక దారం. సింహాచలం ఎడమ చెవిలోది పెట్టుకునేవాడు. కుడిది మెడ మీద వేలాడుతుండేది. అది పనిచేసే చెవి, మూయకూడదు. సేఫ్టీ వాళ్లు అడిగితే, "పనిముట్టుకి గుడ్డ సుట్టి పని సేత్తారేటి సార్" అనేవాడు. వాళ్లు నవ్వి వెళ్లిపోయేవారు. ఇరవై రెండేళ్లు ఆ చెవి తెరిచే ఉంది.

ఆ ఆదివారం తొమ్మిది గంటలకి కూతురు రాజశ్రీ హెడ్‌ఫోన్సు తెచ్చి అతని ముందు పెట్టింది. ఊళ్లోనే ఒక స్కానింగ్ సెంటర్లో పని చేస్తుంది ఆ పిల్ల.

"పాటకి ఇంత టోపీ ఏటమ్మా?"

"నీ బస్సులో పాటలాంటిది కాదు నాన్నా. మామూలుగా పాటని నలిపి చిన్నది చేసి పంపుతారు. నలిపినప్పుడు సన్నసన్నవన్నీ రాలిపోతాయి. ఇది నలపని పాట. పైగా నీ చుట్టూ తిరుగుద్ది."

వంటింట్లోంచి అతని భార్య చిన్నమ్మలు అంది, "పిలిత్తేనే పలకడు. ఇప్పుడు రెండు సెవులూ మూసీసేవు. ఇంక నాను గోడతో మాటాడుకోవాల."

సింహాచలం నవ్వి తలకి తగిలించుకున్నాడు. మెత్తటి గిన్నెలు చెవుల చుట్టూ కూచున్నాయి. నూకాలమ్మ గుడి మైకు దూరమైంది. వీధి పోయింది.

ముప్పై ఏళ్లుగా విన్న పాటే. పెళ్లయిన కొత్తలో రేడియోలో, తర్వాత టేపులో, ఇప్పుడు బస్సులో. తనకి తెలిసిన పాట అనుకున్నాడు. గొంతు ఎదురుగా, బారెడు దూరంలో నిలబడింది. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం వినిపించింది. వెనకనుంచి వయొలిన్లు లేచాయి. చటుక్కున వెనక్కి తిరిగాడు. గోడ, కేలెండరు. రాజశ్రీ పకపకా నవ్వింది. ఒక పక్క గిన్నె ఎత్తి చెప్పింది.

"రెండో చరణం ముందు మువ్వలు వత్తాయి చూడు. నీ తల చుట్టూ ఒక రౌండు కొడతాయి."

మువ్వలు వచ్చాయి. ఎడమ చెవి వెనక పుట్టాయి. చాలా సన్నగా, ఒక్కొక్కటి విడివిడిగా. ముందుకి నడిచాయి. ముక్కుకి ఎదురుగా వచ్చేసరికి పలచబడ్డాయి. ఆ తర్వాత లేవు. గొంతు ఉంది, తబలా ఉంది. మువ్వలు లేవు. కాసేపటికి వీపు వెనకనుంచి మళ్లీ ఎడమ వైపుకి వచ్చాయి.

"రౌండు కొట్టేయా?"

"కొట్టేయి" అన్నాడు.

ఆ పిల్ల లోపలికి వెళ్లింది. పాటని మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాడు. మువ్వలు అక్కడే పోయాయి. మళ్లీ పెట్టాడు. అక్కడే.

తప్పు ఎక్కడుందో తెలియకపోతే ఫిట్టరు రెండు వైపులూ మార్చి చూస్తాడు. తప్పు సామానుతో పాటు వెళ్లిందా, ఉన్నచోటే ఉందా అని. అతను హెడ్‌ఫోన్సు తీసి తిరగేసి పెట్టుకున్నాడు. కుడి గిన్నె ఎడమకి, ఎడమది కుడికి. హెడ్‌ఫోన్సులో తప్పుంటే మువ్వలు ఈసారి ఎడమ పక్కన పోవాలి.

ఎడమ పక్కన మోగాయి. కుడి పక్కకి వచ్చి ఆరిపోయాయి.

తప్పు కదల్లేదు.

హెడ్‌ఫోన్సు తీసి మంచం మీద పెట్టాడు. గుడి మైకు వినిపించింది. చిన్నమ్మలు ఉల్లిపాయలు తరగడం వినిపించింది. మాటలు, మోటార్లు, హారన్లు, అన్నీ వినిపిస్తాయి. అందుకే తెలియలేదు. సన్నటివి మాత్రం పోయాయి. ఎప్పుడు పోయాయో తెలియదు. పోయేటప్పుడు చప్పుడు చెయ్యలేదు.

చలికాలంలో కంపెనీలో అందరికీ చెవుల పరీక్ష చేశారు. వ్యాను లోపల అద్దం వెనక ఒక అమ్మాయి మీట నొక్కుతుంది, చప్పుడు వినిపిస్తే ఇవతలి మనిషి బొత్తాం నొక్కాలి. బయట బస్సు స్టార్టయి ఉంది. అద్దంలోంచి ఆ అమ్మాయి చెయ్యి కనిపిస్తోంది. చెయ్యి కదిలినప్పుడల్లా బొత్తాం నొక్కాడు. వరసలో అందరూ అలాగే నొక్కారు. సరిపోయిందని కాగితం ఇచ్చారు. బస్సు దొరికింది.

అప్పుడు గురువారం గుర్తొచ్చింది.

గురువారం సాల్వెంటు బ్లాకులో మూడో పంపు విన్నాడు. సాల్వెంటంటే నిప్పురవ్వ చాలు అంటుకోడానికి. ఆ పంపులో బేరింగు పట్టేసి ఇనుము ఎర్రబడితే ఆ బ్లాకులో ఉన్నవాళ్లు బయటికి వచ్చే వ్యవధి ఉండదు. అతను పది లెక్కపెట్టి "బాగుంది" అన్నాడు. కుడి చెవితో.

ఆ పంపు పక్కన ఈ ఆదివారం ఉదయం షిఫ్టులో నిలబడి ఉన్నవాడు నానాజీ. చిన్నమ్మలు తమ్ముడు.

ప్లాంటు లోపలికి సెల్లులు తీసుకుపోనివ్వరు. బ్లాకు లాండులైనుకి చేశాడు. నానాజీయే ఎత్తాడు.

"ఒరే, మూడో పంపు ఎలాగుంది?"

"ఆదివారం పూట పంపు గుర్తొచ్చిందేటి బావా? మా యక్క కూర మాడ్చేసిందా?"

"సెప్పరా. ఎలాగుంది?"

"నువ్వు బాగుందన్నావు కదా. బాగానే ఉంటాది."

ఏం చెప్పాలి? చెవి పోయిందని ఫోనులో చెబితే సాయంత్రానికి కంపెనీ అంతా తెలుస్తుంది. చెవి లేని ఫిట్టరుకి స్టోర్సులో ఒక స్టూలు వేస్తారు. బోల్టులు సైజులవారీగా ఏరుకోవాలి. ఇంజనీర్లు మీటరు చూసి వెళ్లిపోతారు. మీరూ ఒకసారి అని ఎవరూ అనరు.

"పక్కనెక్కువసేపు ఉండకు" అని మాత్రం అన్నాడు.

"పక్కనుండకపోతే జీతం ఎవడిత్తాడు బావా" అని నానాజీ ఫోను పెట్టేశాడు.

స్క్రూడ్రైవరు సంచీలో పెట్టుకుని బండి తీశాడు. చిన్నమ్మలు గుమ్మంలోకి వచ్చి, "ఆదివారం కూడా ఎక్కడికి?" అంది. వినబడనట్టు వెళ్లిపోయాడు. వీధి చివర కుడి పక్కనుంచి ఒక ముసలాయన సైకిలు మీద అడ్డొచ్చాడు. ఆయన బొటనవేలు బెల్లు మీద ఆడుతోంది. పైకి కిందకి, పైకి కిందకి. వేలు కనిపించింది. బెల్లు వినిపించలేదు. గట్టిగా బ్రేకు తొక్కాడు.

లంకెలపాలెం జంక్షను దాటేదాకా మనసులో లెక్కపెడుతూనే ఉన్నాడు. గురువారం, శుక్రవారం, శనివారం. మూడు రోజులు. పంపు ఆగకుండా తిరుగుతోంది. పరవాడ వైపు ఆకాశంలో పొగ కనిపించింది. బండి పక్కకి ఆపాడు. కరెంటు ప్లాంటు గొట్టాల పొగ. రోజూ ఉండేదే. మళ్లీ బండి తీయడానికి కాసేపు పట్టింది.

ఆ రోజు డ్యూటీ ఇంజనీరు తారక్. కోటవురట్ల కుర్రవాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. గేటు దగ్గర సింహాచలాన్ని చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏమైంది సింహాచలం గారూ?"

"మూడో పంపు ఒకసారి వినాలి సార్."

లోపల నానాజీ చెయ్యూపాడు. అతని బిరడాలు రెండూ మెడ మీదే ఉన్నాయి. పెద్దవాళ్లని చూసి నేర్చుకున్నాడు. సింహాచలం మొదట కుడి చెవికి పిడి నొక్కాడు. హోరు. నున్నగా, ఒకే దారంలా. గురువారం విన్నదే. తర్వాత బిరడా కుడి చెవిలో పెట్టుకుని, ఎడమ చెవిలోది తీశాడు. అటు వైపు తిరిగి ఎలా నిలబడాలో తెలియలేదు. ఎడంచేత్తో అన్నం కలిపినట్టుంది.

అదే హోరు. దాని కింద ఇంకొకటి. సన్నగా. ఎవరో పంటి కింద పంచదార నములుతున్నట్టు.

"ఆపండి సార్" అన్నాడు.

తారక్ మీటరు తెచ్చి పెట్టాడు. "పచ్చలోనే ఉంది. పసుపు కూడా రాలేదు."

"ఆపండి."

"మందు బ్యాచి నడుస్తోంది. రెండో పంపు రిపేరులో ఉంది. ఇది ఆపితే బ్యాచి పోతుంది. రేపు నన్ను నిలబెట్టి అడుగుతారు." అతని గొంతు పెరిగింది. "గురువారం బాగుందన్నారు. రిజిస్టరులో మీ సంతకం ఉంది. ఇవాళ బాలేదంటున్నారు. ఏది నమ్మమంటారు?"

నానాజీ నవ్వుతూ, "బావకి ఇంట్లో టిఫిను పడలేదు సార్" అన్నాడు.

సింహాచలం అతని వైపు చూశాడు. నానాజీ పంపుకి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. వేళ్లు పంపు గార్డు మీద తాళం వేస్తున్నాయి.

"గురువారం కుడి సెవితో విన్నాను సార్. ఆ సెవి పోయింది."

పంపు తిరుగుతోంది.

"పోవడమేటి బావా?"

"పోయింది. పొద్దున్న తెలిసింది. సన్నటివి వినబడవు. మీటరుకి అందనివి నాకు అందుతాయని మీరు నన్ను పిలుస్తున్నారు. నాకూ అందట్లేదు." స్క్రూడ్రైవరు నానాజీ చేతికిచ్చాడు. "నువ్వు విను. హోరు ఒగ్గీయి. దాని కింద విను."

నానాజీ పిడి చెవికి నొక్కుకున్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత అతని వేళ్లు గార్డు మీదనుంచి వచ్చేశాయి. వెనక్కి రెండు అడుగులు వేశాడు.

"ఇసక" అన్నాడు. "లోపల ఇసకుంది సార్."

తారక్ పంపు ఆపించాడు.

లైను మూసి, పంపు ఖాళీ చేసి, విప్పేసరికి గంటన్నర పట్టింది. గ్రీజు నల్లబడి, అందులో ఇనుప రజను మెరుస్తోంది. బేరింగు కడిగి టార్చి వేశారు. గాడిలో గోరంత మేర లోహం పొలుసులా లేచింది. తారక్ దాని మీద వేలు పెట్టి, చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకెన్నాళ్లు నడిచేది?"

"రోజులో, గంటలో. తెలీదు సార్."

నానాజీ దూరంగా నీళ్ల డ్రమ్ము మీద కూచున్నాడు. తల ఎత్తలేదు. సింహాచలం అనుకున్నది జరిగింది. చెప్పేశాడు, పంపు ఆగింది, మనిషి బతికే ఉన్నాడు. భయం తగ్గాలి. తగ్గలేదు. తారక్ అడగబోయేది అతనికి ముందే తెలుసు.

"ఎప్పటినుంచి మీకు వినబడట్లేదు?"

"తెలీదు."

"నెలా? ఏడాదా?"

"నిజంగా తెలీదు సార్."

తారక్ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఈ ఏడాది మీరు బాగుందన్నవి ఏవేవో చెప్పండి."

సింహాచలం చెప్పాడు. బాయిలరు ఫీడు పంపు. చల్లనీళ్ల పంపులు రెండు. యాసిడ్ పంపు. ఒక్కొక్కటి చెబుతుంటే ఒక్కొక్క చోట ఎవరు నిలబడతారో కనిపించింది. ఒక్కో పంపు దగ్గర తను పది లెక్కపెట్టి, కళ్లు తెరిచి, రెండు మాటల్లో ఒకటి అనడం కనిపించింది. మొత్తం పదిహేడు. అన్నీ తిరుగుతున్నాయి.

నడక మొదలుపెట్టారు. ముందు తారక్ మీటరుతో, వెనక సింహాచలం. వరసలో నాలుగోదాని దగ్గర నానాజీ వచ్చి కలిశాడు. రెండు గంటలకి షిఫ్టు బస్సు హారను కొట్టింది.

"ఎళ్లు, బస్సెళ్లిపోద్ది" అన్నాడు సింహాచలం.

"ఎళ్లనీ."

అప్పటికి పదకొండు పంపులు వినడం అయ్యింది. పన్నెండోది యాసిడ్ పంపు. సింహాచలం మొన ఆనించి, ఎడమ చెవికి పిడి నొక్కాడు. హోరు. దాని కింద వెతికాడు. ఏమీ లేదు. పది దాటి ఇరవై దాకా లెక్కపెట్టాడు. ఏమీ లేదు. ఆ లేకపోవడం పంపుదో, ఈ చెవిదో అతనికి తెలియలేదు. పొద్దున్న తొమ్మిది దాకా కుడి చెవి మీద కూడా అతనికి ఇంత నమ్మకమే ఉంది.

కళ్లు తెరిచాడు. బాగుంది అనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. స్క్రూడ్రైవరు నానాజీకి అందించాడు.

"ఏటినాల బావా?"

"ఏటి వినబడితే అది సెప్పు. నవ్వులాటొద్దు."

నానాజీ నవ్వలేదు. పిడిని చెవికి నొక్కుకుని కళ్లు మూసుకున్నాడు. తారక్ కలం పట్టుకుని నిలబడ్డాడు. సింహాచలం బావమరిది ముఖంలోకి చూస్తూ లెక్కపెట్టసాగాడు.