పగలగొట్టే బావ, పరాయి సీలు

హెల్మెట్లు పగులుతాయో లేదో చూడటమే ఆయన ఉద్యోగం. ఎత్తు నుంచి ఇనుప దిమ్మ మీదికి వదలడం, చిట్లిందేమో చూడటం, నిలిచిన సరుకుకి సీలు వేయడం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. బావమరుదులు 'పగలగొట్టే బావ' అని పేరు పెట్టి, ఎదురుగానే పిలుస్తారు.

నమ్మకానికీ ఆయనకీ ఆమడ దూరం. భార్య ఉప్పు చూసిన కూర మళ్ళీ తాను చూస్తాడు. కూతురు వేసిన తాళం మూడుసార్లు లాగుతాడు.

"నన్నూ దిమ్మ మీద పడేసి చూశాకే తాళి కట్టారా?" అంటుంది భార్య.

అలాంటి మనిషికి శుభవార్త వచ్చింది. రెండు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఇక్కడ ఆయన వేసే సీలు ఇక అక్కడా చెల్లుతుంది, వాళ్ళ రేవులో మళ్ళీ పరీక్షలుండవు. తన సీలు సముద్రం దాటిందని ఆయన చెప్పని గడప లేదు.

"వాళ్ళ సీలు కూడా ఇక్కడ చెల్లుతుంది బాబాయ్ గారూ. కాగితం చూసి వదిలెయ్యండి," అంది ఆఫీసరమ్మ.

ఈ సగం మాత్రం ఆయన ఏ గడపలోనూ చెప్పలేదు.

వాళ్ళ మొదటి సరుకు వచ్చింది. అందరూ భోజనానికి వెళ్ళగానే ఒక హెల్మెట్ తీసి దిమ్మ మీదికి వదిలాడు. చిట్లలేదు. అనుమానం తీరక ఇంకోటి. అలా ఏడు. ఏడూ రాయిలా నిలిచాయి. అంతటితో ఊరుకుంటే గొడవే ఉండేది కాదు. చేసిన పరీక్ష రాయకపోతే ఆయన చేతికి దురద. "ఏడూ నిలిచాయి" అని ఓ కాగితం మీద రాసి, సీలు కొట్టి, పెట్టెలోనే పెట్టాడు. అది మెచ్చుకోలనుకున్నాడు మహానుభావుడు!

కొన్నవాడు ఆ కాగితం పంపినవాళ్ళకు చేరవేశాడు. పదిరోజుల్లో మన హెల్మెట్లు వాళ్ళ రేవులో ఆగిపోయాయి. మా సీలు మీరు నమ్మనప్పుడు మీది మేమెందుకు నమ్మాలన్నారు. ఈసారి సరుకు తెరవకుండా వదిలితేనే మీదీ వదులుతామని తేల్చేశారు.

"మంచిదనే రాశానమ్మా!"

"చూడటమే తప్పు బాబాయ్ గారూ."

ఇంట్లో కూడా శాంతి దొరకలేదు. "మీరు వాళ్ళని శంకించొచ్చు గానీ, వాళ్ళు మిమ్మల్ని శంకించకూడదా? అక్కడా మీలాంటి మొగుడొకడు ఉండే ఉంటాడు. పాపం, వాడి పెళ్ళాం!" అంది భార్య.

తర్వాతి సరుకు వచ్చింది. కాగితం నాలుగుసార్లు చదివాడు. పెట్టెలు తెరవలేదు. పళ్ళు బిగపట్టి సీలు వేశాడు. ఆ కబురు అందగానే అక్కడి రేవు మన సరుకును వదిలింది.

ఆ మాట చెబుదామని వచ్చిన ఆఫీసరమ్మకు, వాళ్ళ సరుకు తాలూకు ఓ అట్టపెట్టె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, మెల్లగా ఊగుతూ కనిపించాడు.

"ఇదేంటండీ?"

"హెల్మెట్లు ముట్టుకోలేదమ్మా. పెట్టె గట్టిదో కాదో చూస్తున్నా. ఒప్పందంలో పెట్టెల మాట లేదుగా!"

ఆమె ఒప్పందం తెప్పించి మొదటి నుంచి చివరిదాకా వెతికింది. నిజంగానే లేదు.