జలాంతర్గామి మీద మొక్కు

తిరుచానూరులో పూలమ్మే మా పెద్దమ్మ సుబ్బులమ్మ ఊరందరి కొప్పుల్లోకీ మాలలు కట్టిచ్చి, తాను మాత్రం జుట్టు విరబోసుకుని కూర్చునేది. ఎవరైనా మొహం చిట్లిస్తే, "పూలు కావల్లంటే తీసుకో, నా తల జోలికి రావద్దు" అనేది. నోరు అలాంటిది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు మునికృష్ణ సరుకుల ఓడలో బొగ్గు వేసే పనికి వెళ్లాడు. 1944లో జపాను జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. అంతటితో ఊరుకోలేదు. పైకి తేలి, పడవలెక్కి బతకబోయినవాళ్ల మీద తుపాకులు పేల్చింది. మునికృష్ణ ఆ పడవల్లోనే పోయాడు. అదే ఓడలో పనిచేసి బతికి బయటపడ్డ పలమనేరు కుప్పుస్వామి వచ్చి ఈ సంగతి చెప్పాడు. జలాంతర్గామి మీద రాసిన నంబరు కూడా అతనికి కంఠతా వచ్చు.

పెద్దమ్మ ఏడవలేదు. ఏటా తిరునాళ్లలో భారతం చూసే మనిషి, ద్రౌపదమ్మలాగే కొప్పు విప్పేసి కొండవైపు తిరిగింది. "సామీ, నా బిడ్డను చంపిన ఆ పడవను ముంచు. నీకు గుండు ఇస్తా."

కుప్పుస్వామి మద్రాసు హార్బరు నుంచి ఎప్పుడొచ్చినా ఒకటే ప్రశ్న: "మునిగిందా?"

యుద్ధం ముగిసిన మరుసటేడు అతను మునిగిందన్నాడు. "యుద్ధంలో దానికేమీ కాలేదంట పెద్దమ్మా. జపాను ఓడినాక లొంగిపోయింది. గెలిచినోళ్లు ఖాళీ పడవను నడిసముద్రానికి లాక్కుపోయి ముంచేసినారు."

"మరి మనుషులో?"

"ఇండ్లకు పోయినారు."

పెద్దమ్మ కడుతున్న మాల ఒడిలోనే ఉండిపోయింది. "తప్పు నాదేరా. పడవ అంటిని గానీ, దాంట్లోవోళ్లని అనకపోతిని."

"వాళ్లకీ అమ్మలుంటారు గదా. ఇంక ఇడిసిపెట్టు."

"ఉంటే ఉండనీ. వాళ్ల కొడుకులు ఇల్లు చేరినారు గదా!"

మొక్కు ఎగ్గొడితే ఏడుకొండలవాడు వడ్డీతో వసూలు చేసుకుంటాడు. అందుకే నన్ను తోడు తీసుకుని అలిపిరి మెట్లెక్కింది. కల్యాణకట్టలో క్షురకుడు తల తడిపి కత్తి తీస్తే చెయ్యి పట్టుకుంది.

"కత్తి వద్దప్పా. మూడు కత్తెరలు ఎయ్యి, చాలు."

గుండు ఇవ్వలేని ఆడవాళ్లు మూడు చోట్ల కొసలు కత్తిరించి ఇస్తారు. "గుండని గదా మొక్కుకుంటివి?" అన్నాను.

"పడవకు ఇంతే. మిగతాది ఆ మనుషులు చచ్చినాక ఇస్తా. సామి పని సగమే చేసినాడు."

దేవుడితో అలా బేరమాడిన మనిషిని ఇంకొకరిని నేను చూడలేదు. ఆమెది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు.

1949లో పెద్దమ్మ పోయింది. నీళ్లు పోసి, ఆడవాళ్లు ఆమె జుట్టు ముడి వేయబోయారు. కోపం విడిచిపెట్టమన్న కుప్పుస్వామే అడ్డం వచ్చాడు.

"అట్లే ఉండనీండమ్మా," అన్నాడు. "వాళ్లింకా బతికే ఉండారు."