గుంజ దాటిన ఆంబ్రోస్

ఆంబ్రోస్ రేన్ జన్మలో బండి వెనక్కి తీసినవాడు కాదు. ఇంగ్లండు ఉత్తరాన మా డరమ్ బొగ్గు ఊళ్ళలో ఒకప్పుడు ఈ మాట మెచ్చుకోలుగానే అనేవాళ్ళం. ఇప్పుడు అతని ముందు ఎవరూ అనరు.

గనుల నుంచి టీస్ నది రేవుకి బొగ్గు మోసే లైను మాది. పట్టాలు ఒక్క జతే. గుర్రబ్బళ్ళూ, కొత్తగా దిగిన ఆవిరి ఇంజన్లూ దాని మీదే పోవాలి. ఎదురుపడితే తప్పుకోవడానికి అక్కడక్కడా పక్క పట్టాలుండేవి, ఒకదానికీ ఇంకోదానికీ సరిగ్గా నడుమ ఒక గుంజ పాతి ఉండేది. ముందు గుంజ దాటినవాడిదే దారి, రెండోవాడు వెనక్కి పోవాలి. ఈ రూలు ఏ మహానుభావుడు పెట్టాడో గానీ, దాని పేరున తలలు పగలగొట్టుకోని వారం లేదు.

ఆంబ్రోస్ గుర్రం మనిషి. పల్లంలో బళ్ళు వాటంతటవే దొర్లుతుంటే అతని ముసలి గుర్రం చివరి తొట్టిబండిలోకి ఎక్కి, గడ్డి నములుతూ కొత్త పెళ్ళికూతురిలా వచ్చేది. తమ్ముడు కత్‌బర్ట్ మాత్రం ఇంజన్ ఎక్కాడు. తండ్రి పోయాక వాణ్ణి పెంచింది ఆంబ్రోసే. పెంచిన చెయ్యినే కరిచాడని అతని ఉక్రోషం. ఇంజన్ని "మీ ఆవిడ పొయ్యి" అని వెక్కిరించేవాడు. ఆదివారం బఠాణీ ముద్ద చల్లారిపోయేదాకా అన్నదమ్ములు వాదించుకుంటుంటే, కత్‌బర్ట్ భార్య ఇసబెల్ ఇద్దరినీ కసిరి పళ్ళేలు తీసేసేది.

నవ్వులాట కాదది. ఇంజన్లు ఉంచాలా, మళ్ళీ గుర్రాలే చాలా అని యజమానులు ఊగిసలాడుతున్న రోజులు. ఇంజన్ ఓడితే తమ్ముడి కూడు పోతుంది, గెలిస్తే అన్న కూడు పోతుంది.

ఒక మార్చి పొద్దున ఆంబ్రోస్ నిండు బొగ్గుతో దిగుతున్నాడు. కత్‌బర్ట్ ఖాళీ బళ్ళతో ఎక్కుతున్నాడు. ఆంబ్రోస్ గుంజ దాటి రావడం, పట్టాలు సరిచేస్తున్న మేమంతా చూశాం. ఇద్దరూ ఎదురెదురుగా ఆగారు.

"అన్నా, ఈ ఎత్తులో కిందికి జారితే మళ్ళీ లాగడానికి ఆవిరి చాలదు. ఈ ఒక్కసారికి నువ్వు తప్పుకో," అన్నాడు కత్‌బర్ట్.

"గుంజ దాటానురా. కళ్ళు కనబడట్లేదా?"

"కనబడుతోంది. అందుకే అడుగుతున్నా."

"అడిగినా అంతే. వెనక్కి పో."

ఆంబ్రోస్ పైపు ముట్టించి, వీపు తిప్పి కూర్చున్నాడు. కత్‌బర్ట్ అన్నని ఎరిగినవాడు. కాసేపు బిగుసుకుని కూర్చుంటాడు, ఆపైన కరుగుతాడు, అప్పటికి ఆవిరి నిండుగా ఉండాలి అనుకున్నాడు. ఆవిరి ఎక్కువైతే వదిలే మూతని తాడుతో బిగించి కట్టేశాడు. ఆగినప్పుడు అలా కట్టడం డ్రైవర్లందరి అలవాటే. కట్టొద్దని చెప్పేదీ, ఆలస్యమైతే తిట్టేదీ యజమానులే.

పైపు సగమైనా కాలకముందే బాయిలరు పేలింది. కత్‌బర్ట్‌ని దుప్పట్లో పోగుచేసి ఇంటికి తెచ్చాం.

విచారణలో మమ్మల్నందరినీ అడిగారు. ఉన్నదే చెప్పాం. గుంజ ముందు దాటింది ఆంబ్రోసే గనక అతని తప్పేమీ లేదని అధికారి అందరి ఎదుటా తేల్చాడు. ఆ ఎండాకాలానికే ఇంజన్ కొత్త బాయిలరుతో లైనెక్కింది. కొన్నేళ్ళకి గుర్రాలు లైను మీద కనబడకుండా పోయాయి, వాటితో పాటు ఆంబ్రోస్ పని కూడా.

పని పోయిన ఆ చలికాలంలో అతను బొగ్గు సంచి భుజాన వేసుకుని ఇసబెల్ గుమ్మానికి వెళ్ళాడు. నన్ను క్షమించమ్మా అన్నాడు. ఆమె తలుపు పూర్తిగా తెరవలేదు.

"తప్పు మీదైతే బాగుండేది బావగారూ. ఏడ్చి, తిట్టి, ఎప్పటికో ఒకప్పటికి క్షమించేదాన్ని. రూలు మీ పక్షానే ఉంది కదా, ఇంక నేను క్షమించడానికి ఏముంది?" అంది.

ఆంబ్రోస్ సంచి గుమ్మంలో దించి వెళ్ళిపోయాడు. ఆ చలికాలం మా వాడలో పొయ్యి వెలగని ఇళ్ళు చాలానే ఉన్నాయి. అయినా వానకి గోనె చివికి బొగ్గు వీధిలోకి దొర్లేదాకా ఆమె ముట్టుకోలేదు, మేమూ ముట్టుకోలేదు.