బొటనవేలికి కట్టిన పోగు

మొన్న మా మునిమనవడికి హైదరాబాదులో చిన్న ఆపరేషన్ జరిగింది. మూత్రం వచ్చే దారి పుట్టుకతోనే కాస్త పక్కకు ఉందని సరిచేశారు. మత్తు వదలగానే వాడు ఏడవకుండా, మొహమైనా చిట్లించకుండా, తన బొమ్మ బస్సు ఏదని అడిగాడట. మత్తు ఇచ్చిన చిన్న డాక్టరమ్మ బయటికి వచ్చి, నడుము కింద ముడ్డిపూస దగ్గర సూది ఇచ్చామనీ, కొంతసేపు నొప్పి తెలియదనీ, కాళ్లు కదపకపోయినా భయపడవద్దనీ చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఈ ముసలిదానికి ఏమైందోనని మా మనవరాలు కంగారుపడింది. ఆ పిల్లకు చెప్పిన సంగతే మీకూ చెబుతాను. అరవైల నాటి మిషన్ దవాఖానలు చూసినవారు మీలో ఉంటే నాకన్నా ముందే నవ్వుతారు.

అప్పుడు నేను నల్లగొండలో నర్సు పని నేర్చుకుంటున్నాను. మా నాన్న సువార్త చెబుతూ మర్రిగూడ చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగిన మనిషి. ఒక బైబిలు వాక్యం కంఠతా చెప్పనిదే మా ఇంట్లో పిల్లలకు పళ్లెంలో అన్నం పడేది కాదు. అట్లా పెరిగినదాన్ని కనుక దవాఖాన నాకు మందిరం లాగే తోచేది. పొద్దున్నే వార్డులో ప్రార్థన, ఒక కీర్తన, ఆ తర్వాతే కట్లు మార్చడం. రోగుల వెంట వచ్చినవాళ్లు బయట వేపచెట్ల కింద మూడు రాళ్లు పెట్టుకొని వండుకునేవారు. ఆ పొగ, జొన్నరొట్టెల వాసన, ఫినాయిల్ వాసన కలిసి వార్డులోకి వచ్చేవి.

ఆ రోజుల్లో మూత్రసంచిలో రాయితో వచ్చే పసివాళ్లు చాలామంది ఉండేవారు. మూత్రానికి కూర్చున్నప్పుడల్లా వాళ్లు మెలికలు తిరిగిపోయేవారు. కోసి రాయి తీస్తే బాధ పోయేది నిజమే కాని, ఈథరు మత్తు వదిలాక ఆ కోత నొప్పికి పిల్లలు పెట్టే కేకలకు మా కీర్తన కూడా వినబడేది కాదు. నేను దుప్పట్ల గదిలోకి పోయి, ప్రభువా, ఈ పసివాళ్లకు ఇంకో దారి చూపించవా అని వేడుకునేదాన్ని. ఆ దారి మా పెద్ద డాక్టరమ్మ రూపంలో వచ్చింది. ఆమె కొన్నాళ్లు ఇంకో పెద్ద మిషన్ దవాఖానకు పోయి ఈ కొత్త పద్ధతి నేర్చుకొని వచ్చింది. పిల్లవాణ్ణి నిద్రపుచ్చి, పక్కకు తిప్పి, వెన్ను చివరన సూదితో మందు ఎక్కిస్తే, మెలకువ వచ్చాక కూడా నడుము కింద నొప్పి తెలియదు, మందు బలం తగ్గేదాకా కాళ్లు మాత్రం మొద్దుబారి ఉంటాయని మాకు వివరంగా చెప్పింది.

మా వార్డులో ఆ సూది మొదట పడింది భువనగిరి దిక్కు నుంచి వచ్చిన నేతవాళ్ల పిల్లవాడికి. అయిదేళ్లు ఉంటాయేమో, పెద్ద కళ్లు. తల్లి పచ్చి బాలింత కావడంతో నాయనమ్మే ఎత్తుకొని వచ్చింది. ఇంట్లో రాట్నం దగ్గర కూర్చొని కండెలు చుట్టే మనిషి, కొంగున ఎప్పుడూ నాలుగు నూలు పోగులు వేలాడుతుండేవి. నియమం గల మనిషి కూడా. మా దవాఖాన నీళ్లు ముట్టక, తన కుండ తానే తెచ్చుకుంది.

రాయి వచ్చింది, రేగుపండంత. పిల్లవాణ్ణి మంచం మీదికి చేర్చాం. కళ్లు తెరిచి పైకప్పు పెంకులను చూస్తూ హాయిగా పడుకున్నాడు. నేను లోలోపల దేవునికి స్తోత్రాలు చెల్లిస్తుంటే, ఆ అవ్వ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఏడుస్తలేడేంది బిడ్డా? కోసినంక పోరలు దవాఖాన లేచిపోయేటట్టు ఏడుస్తరంటిరి. గీడు సల్లగ సూస్తాండు!”

చెప్పాను, మందు ఇచ్చారని. నమ్మకుండా పిల్లవాడి పిక్క గిల్లింది. వాడు కదలలేదు. అంతే, గుండెలు బాదుకుంది.

“కాళ్లు వోయినయ్! మగ్గం గుంటల దిగి తొక్కే కాళ్లు. కాళ్లు లేనోడు ఏం నేస్తడు, ఏం తింటడు? పొద్దు వాలేలోపు కదలకుంటె నేను వీణ్ణి ఎత్తుకపోత. మా దిక్కు కాళ్లకు వాతలు పెట్టేటాయన ఉన్నడు.”

పచ్చి కోత, లోపల గొట్టం, పైన బస్సు ప్రయాణం, ఆపైన వాతలు! పెద్ద డాక్టరమ్మ లోపల ఎవరికో కష్టపు కాన్పు చేస్తూ ఉంది, పిలవడానికి లేదు. నేను అటు తిరిగి ఇటు చూసేలోపు అవ్వ పొయ్యి మీద కాచిన ఇసుక గుడ్డలో మూటగట్టి తెచ్చి, ఆ కాళ్లకు కాపడం పెట్టబోయింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

“పెండ్లి గాని పిల్లవు, పసిపోరల సంగతి నీకేమెరుక? జరుగు!”

నేను ఆ మూటను ఆమె ముంజేతికే ఆనించాను. సర్రున చెయ్యి లాక్కుంది.

“నీకు సుర్రుమన్నది గద అవ్వా. వానికి గా సురుకు ఇప్పుడు తెల్వది. తోలు కాలిపోయినా సప్పుడు జెయ్యడు.”

అవ్వ మూట కింద పెట్టేసింది. పక్క మంచం దగ్గర, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన గొర్రెలవాళ్ల పెద్దమ్మ ఇదంతా చూస్తూ, “జర ఆగు వదినా, గొర్రెపిల్ల గూడ పుట్టంగనే నడ్వది” అంది. అవ్వ కొంగున వేలాడే పోగు ఒకటి తీసి, ఒక కొస పిల్లవాడి బొటనవేలికి వదులుగా ముడివేసి, రెండో కొస తన చూపుడు వేలికి చుట్టుకొని నేల మీద కూర్చుంది. వీధి పొడవునా పడుగు నూలు చాచినప్పుడు ఆ చివర పోగు కదిలితే ఈ చివర పట్టుకున్న వేలికి తెలుస్తుందట. కళ్లు మోసం చేస్తాయి కాని నేతవాళ్ల వేలు మోసం చెయ్యదని ఆమె నమ్మకం.

ఆమె పెదవుల మీద గుట్ట నరసింహస్వామి, నా పెదవుల మీద నా ప్రభువు. పక్షవాయువు వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటికప్పు విప్పి, పరుపుతో సహా యేసు ముందుకు దించిన సంగతి మా నాన్న ఎన్నోసార్లు చెప్పాడు. ఆ రోగి నోరు విప్పి ఏమీ అడగలేదు, ప్రభువు చూసింది మోసుకొచ్చినవాళ్ల విశ్వాసాన్ని అని ఆయన నొక్కి చెప్పేవాడు. ఈ అవ్వ విశ్వాసాన్ని కూడా చూడు తండ్రీ అని అడిగాను. బయట వంట ముగించి కుండలు దించినవాళ్లు అన్నం పెట్టుకోకుండా ఒక్కొక్కరే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అందరి చూపూ ఆ పోగు మీదే.

వేలు కదలలేదు. కదిలింది మోకాలు. చీమ కుట్టినట్టు పిల్లవాడు కాలు ఒక్క ఉదుటున పైకి ముడిచేసరికి, పోగు పుటుక్కున తెగింది.

పోగు తెగితే కోడళ్లను తిట్టి, తెల్లవార్లూ సణిగే మనిషట ఆ అవ్వ. అలాంటిది లేచి రెండు చేతులూ ఎత్తి, “తెగింది! పోగు తెగింది!” అని వార్డంతా అరుస్తూ తిరిగింది. మళ్లీ వచ్చి ఆ పాదం పట్టుకోబోతే, విసుగొచ్చి వాడు ఆమె చెంప మీద తన్నాడు.

“తన్నిండే! సూసిండ్రా, నా మనుమడు నన్ను తన్నిండు!”

“తన్ను తిని గింత సంబురపడేదాన్ని నిన్నే సూస్తున్న” అంది గొర్రెల పెద్దమ్మ. మా హల్లెలూయలు, వాళ్ల గోవిందలు, పిల్లల కేరింతలు కలిసిపోయాయి. కాన్పు ముగించి వచ్చిన పెద్ద డాక్టరమ్మ వార్డులో పెండ్లేదో జరుగుతున్నదనుకుందట.

సాయంత్రం వాడు కొంచెం ఏడ్చాడు, ఏడవలేదని ఎందుకు చెప్పాలి? కాని ఆ మొదటి గంటల నరకం మాత్రం తప్పింది. కుట్లు విప్పేదాకా ఉన్న అవ్వ, కొత్తగా వచ్చిన తల్లులకు తానే ధైర్యం చెప్పేది: “ఫికర్ జెయ్యకుండ్రి. కాళ్లు దావతుకు వోయినయ్, తిని వస్తయ్.” ఆ తర్వాత మా వార్డులో రాయి పిల్లల తల్లులందరూ వేలికి పోగు కట్టుకొని కూర్చోవడం ఆచారమైంది. ముడి బిగించకపోతే చాలునని పెద్ద డాక్టరమ్మ కూడా ఊరుకుంది.

ఇప్పుడు మందులు ఇంకా మంచివి వచ్చాయి, ముందే అన్నీ విడమరిచి చెబుతున్నారు, తల్లుల గుండెలు జారిపోవడం లేదు. దానికి నేను రోజూ మోకరించి స్తోత్రం చెబుతాను. అయినా మొన్న అద్దాల తలుపుల ముందు కుర్చీలో కూర్చున్నంతసేపు, నా పక్కన కూర్చున్న తల్లి బిడ్డకు ఏం జరుగుతున్నదో నాకు తెలియలేదు, మా వాడి సంగతి ఆమె అడగలేదు. ఇద్దరం ఫోన్లు చూసుకున్నాం. ఆనాడు కాలు కదిలాకే వేపచెట్ల కింద అందరూ అన్నం ముట్టారు. మా నీళ్లు ముట్టని ఆ అవ్వ, గొర్రెల పెద్దమ్మ ఇచ్చిన రొట్టె తుంచి, బెల్లం అద్ది, తన చేత్తో నా నోట్లో పెట్టి, తానూ అదే రొట్టె తిన్నది. ఒకరి బిడ్డ కోసం అంతమంది ఆకలి ఆపుకున్న మధ్యాహ్నం నాకు మళ్లీ ఎక్కడా కనబడలేదు.